వేన్నీళ్ల కోసం ఇచ్చిన మాట

2022 చలికాలం. కర్నూలు కోర్టు ఆవరణలో ఉచిత న్యాయసహాయం కోసం కేటాయించిన చిన్న గదిలో వారానికి రెండు రోజులు కూర్చునేదాన్ని. నాలాంటి వాళ్లను ప్యానెల్ అడ్వకేట్ అంటారు. ఫీజు ఇచ్చుకోలేని వాళ్ల తరఫున పనిచేసే న్యాయవాదులం. మా గదికి వచ్చే తగాదాల్లో చాలావాటిని ప్రీ-లిటిగేషన్ దశలోనే, అంటే కేసు వేయకముందే, ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టి తేల్చాలని చూస్తాం. మొగుడూపెళ్లాల గొడవలు, పొలం గట్ల పంచాయితీలు మాకు రోజూ ఉండేవే. వేన్నీళ్లు ఇప్పించమని ఒక మనిషి రావడం మాత్రం అదే మొదటిసారి. పేర్లు మార్చి చెబుతున్నాను.

ఆమెను ఉరుకుందమ్మ అందాం. సొంతూరు కోసిగి దగ్గర పల్లె. వానలు లేని ఏడాది కూలికని కర్నూలు వచ్చి, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా కుదురుకుంది. కుడి పాదానికి పెద్ద కట్టు కట్టుకుని, ఒక కాలికే చెప్పు వేసుకుని కుంటుతూ లోపలికి వచ్చింది. కాలికి ఏమైందని అడిగాను.

“ఉడుకునీళ్లు పడినాయి మేడమ్. మాయమ్మకి నీళ్లు పోసేకి వంటింట్లోనుంచి గిన్నె ఎత్తుకపోతాంటే జారింది. ఆయమ్మ మీద పడలే, అదే పదివేలు.”

తల్లి హనుమక్కకు ఉబ్బసం, దానికి తోడు కీళ్లవాతం. చన్నీళ్లు తగిలిన రోజు ఊపిరి ఆడక సాయంత్రం దాకా గోడకు ఆనుకుని కూర్చోవాల్సిందే. వేన్నీళ్లు పోస్తే చేతులు కాస్త సాగి, అన్నం తనే కలుపుకుని తింటుంది. ఉరుకుందమ్మ ఇప్పుడున్న అద్దె ఇంట్లో చేరింది కూడా మిద్దె మీద సోలార్ ఉందనే. బాడుగ కాస్త ఎక్కువైనా ఒప్పుకుంది. అగ్రిమెంటులో సోలార్ వేన్నీళ్ల మాట రాసి కూడా ఉంది. తీరా తల్లిని ఊరి నుంచి తెచ్చుకున్న కొద్దిరోజులకే కొళాయిలో వేన్నీళ్లు బందయ్యాయి. అడిగినప్పుడల్లా ఇంటాయన, పైపుకు ఉప్పు పట్టి పూడుకుపోయింది, చేయిస్తానని వాయిదాలు వేశాడు. మా బోరు నీళ్ల సంగతి తెలిసినవాళ్లెవరైనా నమ్మే మాటే అది. పోనీ కరెంటు హీటరు పెట్టుకుంటానంటే, మీటరు ఒకటే కాబట్టి కుదరదన్నాడు.

“వచ్చే నెల నుంచి బాడుగ ఇయ్యను మేడమ్. అప్పుడు ఆయప్పే దిగొస్తాడు,” అంది.

నాకు కోపం ముందు వస్తుంది, మాట తరువాత వస్తుంది. “ఆ పని చేశావంటే నీ కొంప నువ్వే ముంచుకున్నట్టు,” అన్నాను. అద్దెకున్న వాళ్లు ఎక్కువగా కాలు జారేది ఇక్కడే. అంతవరకు తప్పు ఇంటాయనది. బాడుగ ఆపితే ఆ పేరు చెప్పి ఖాళీ చేయించమని ఆయనే కోర్టుకు ఎక్కుతాడు. అందుకే నెలనెలా కట్టమన్నాను, చేతికి తీసుకోకపోతే బ్యాంకులో వేయమన్నాను. నీళ్లు రావడం లేదని నోటితో చెప్పి ఊరుకోకుండా ఫోనులో మెసేజీ పెట్టమన్నాను, రేపు అడిగినట్టు సాక్ష్యం ఉండాలి కదా. సొంత ఖర్చుతో బాగు చేయించుకుని బాడుగలో పట్టుకోవచ్చు గానీ, ముందు ఆయన చేత ఒప్పుకున్నట్టు రాయించుకోవాలి. ఏదీ కుదరకపోతే రెంట్ కంట్రోలర్ ఉన్నాడు, ఇళ్ల అద్దె తగాదాలు వినే అధికారి. ఉన్న సౌకర్యాన్ని కారణం లేకుండా ఆపేస్తే తిరిగి ఇమ్మని ఆయన ఆదేశించగలడు. దానికి కాలం పడుతుంది. అంతకంటే ముందు మా గదిలోనే ఒకసారి కూర్చుందాం, అదీ కాదంటే అడ్వాన్సు వెనక్కి తీసుకుని ఇల్లు మారడమే అన్నాను.

“మారి యాడికి పోవల్ల మేడమ్? శానా ఇండ్లు చూసినా. నన్ను చూసి సరే అంటారు. మాయమ్మను చూస్తానే తల అడ్డం ఊపుతారు.”

రోగిష్టి మనిషంటే ఎవరైనా వెనకాడతారులే అనుకుని, ఎందుకని నేను అడగలేదు.

ఇంటాయన రామచంద్రయ్య, రిటైరైన ఉద్యోగి. నోటీసు పంపితే, సోలార్ పాడైందని అదే పాత జవాబు పంపాడు. దాంతో ఒక ఆదివారం ఉదయం నేనే వాళ్లింటికి వెళ్లాను. ముందు పోర్షన్‌లో ఆయన, ఆయన భార్య, వెనక పోర్షన్‌లో తల్లీకూతుళ్లు. ఆయన కాదనలేక మిద్దె మీదికి తీసుకుపోయాడు. ట్యాంకు నుంచి రెండు పైపులు కిందికి దిగుతున్నాయి. ముందు పోర్షన్‌కు పోయే పైపు మీద చేయి వేస్తే చురుక్కుమంది. వెనక పోర్షన్ పైపుకు గేట్ వాల్వు ఉంది, నీళ్లు ఆపడానికీ వదలడానికీ తిప్పేది. దాన్ని బిగించేసి, పైనున్న చక్రం కూడా పీకేశారు. నేను ఆయన మొహంలోకి చూశాను.

“ఉప్పు పట్టి చక్రం ఊడి పడిందా సార్?” అన్నాను.

ఆయన తల వంచుకున్నాడు. “మీరు పిలిచిన రోజు మీ గదికే వచ్చి చెప్తా మేడమ్. ఈడ వద్దు,” అన్నాడు. కిందికి దిగుతుంటే ముందు గదిలో ఆయన భార్య కనిపించింది. పక్షవాతంతో ఒక పక్క పడిపోయి మంచంలో ఉంది. అప్పుడే నీళ్లు పోసినట్టున్నారు, జుట్టు తడిగా ఉంది. నా కోపం అక్కడే సగం ఎటు పోవాలో తెలియక ఆగిపోయింది.

ఇద్దరినీ కూర్చోబెట్టే సిట్టింగు రోజు ఉరుకుందమ్మ తల్లిని కూడా ఆటోలో తీసుకొచ్చింది. హనుమక్క సన్నగా, కొంగు తలమీదికి కప్పుకుని బెంచీ చివర కూర్చుంది. రామచంద్రయ్య మొదట అడ్వాన్సు మొత్తం ఇచ్చేస్తాను, ఇల్లు ఖాళీ చేయించండి అన్నాడు. వాల్వు ఎందుకు మూశారని గుచ్చి అడిగితే నీళ్లు నమిలాడు. నేను గొంతు పెంచబోతుంటే హనుమక్క చేయి ఎత్తింది.

“నేను చెప్తా తల్లీ. ఆయప్పకి నీళ్లు ఇచ్చేకి ఏం బాద లేదు. నేను ఆ ఇంట్లో పానం ఇడుస్తానేమోనని బయం. అడిగిన ప్రతి ఇంట్లోనూ అదే బయం.”

రామచంద్రయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కొన్నేళ్ల కిందట అదే వెనక పోర్షన్‌లో అద్దెకున్న ఒక ముసలాయన పోయాడట. నక్షత్రం మంచిది కాదని పంతులు చెబితే ఇల్లంతా మూసేసి ఆరు నెలలు వేరేచోట తలదాచుకున్నారట.

“అప్పుడంటే మా ఆవిడ నడుస్తాండె. ఇప్పుడు ఆమెను ఎత్తుకుని నేను యాడికి పోవల్ల మేడమ్? పొమ్మని నోరు తెరిచి చెప్పలేక, నీళ్లు రాకుంటే వాళ్లే పోతారనుకున్నా.”

ఇవన్నీ మూఢనమ్మకాలని ఉపన్యాసం ఇవ్వాలని నా నాలుక దురద పెట్టింది. ఇవ్వలేకపోయాను. అదే నమ్మకంతో నా చిన్నప్పుడు మా ఇంట్లోనూ ఒక గది తలుపు చాలాకాలం తెరవలేదు.

హనుమక్క ఆయన వైపు తిరిగింది. “ఏమప్పా సారూ, నీ ఇంట్లో నేను సావను. మాట ఇస్తాండా. బతికినన్ని దినాలు నాకి ఇన్ని ఉడుకునీళ్లు ఇయ్యి, సాలు.”

“మా, ఏం మాటలవి,” అని ఉరుకుందమ్మ తల్లి చేయి పట్టుకుంది.

రామచంద్రయ్య గొంతు తగ్గించి నాతో అన్నాడు. “ఆ మాట కూడా రాయండి మేడమ్.”

“రాయను,” అన్నాను. “మనిషి ఎక్కడ చావాలో రాయించుకునే చట్టం ఈ దేశంలో లేదు. అది రాసేటట్టయితే ఈ నల్లకోటు ఆ మేకుకు తగిలించి ఇంటికి పోతాను.”

ఆయన మళ్లీ అడగలేదు. వాల్వు వెంటనే తెరవాలి, ముందు పోర్షన్‌తో సమానంగా వేన్నీళ్లు ఇవ్వాలి, రిపేరు వస్తే ఇంటాయనే చేయించాలి, బాడుగ సక్రమంగా కడుతున్నంతకాలం అగ్రిమెంటు గడువులోపల ఖాళీ చేయమనకూడదు అని రాశాను. లోక్ అదాలత్‌లో అది అవార్డు అయింది. అవార్డు అంటే కోర్టు డిక్రీతో సమానమైన కాగితం, దాన్ని దాటడానికి వీల్లేదు. హనుమక్క వంకర తిరిగిన బొటనవేలితో ముద్ర వేసింది.

ఆ తరువాత ఉరుకుందమ్మ ఒకసారి కనిపించి, అమ్మ రోజూ నీళ్లు పోసుకుని ఎండలో కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటోందని చెప్పింది. నాకు ఎంతో సంతోషం వేసింది. కోర్టు మెట్లెక్కకుండా ముగిసిన మంచి కేసని నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

ఎండాకాలం పోయి వానలు మొదలయ్యాక ఉరుకుందమ్మ మళ్లీ మా గదికి వచ్చింది. వెనకాలే రామచంద్రయ్య. మళ్లీ ఏం గొడవ తెచ్చారోనని నిట్టూర్చాను. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

“మాయమ్మ పోయింది మేడమ్,” అంది ఉరుకుందమ్మ.

ఆ పొద్దున హనుమక్క మామూలుగానే నీళ్లు పోసుకుందట. ఉతికిన చీర కట్టుకోగానే ఆయాసం ఎత్తుకుంది. కూతురు ఆటో కోసం వీధి చివరికి పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి తల్లి మంచం మీద లేదు. గోడ పట్టుకుని పాకుతున్నట్టు నడిచి, గేటు దాటి, బయట కడప బండ పరిచిన అరుగు మీదికి వచ్చి కూర్చుంది. పైన సన్నని తుంపర పడుతోంది.

రామచంద్రయ్య అందుకున్నాడు. “నేను పోయి చేయి పట్టుకున్నా మేడమ్. తడుస్తాండావు, లోపలికి రామ్మా, పడుకో అన్నా. ‘వద్దప్పా, మాట ఇచ్చినా గదా’ అనింది. మాటా లేదు ఏం లేదు, నా ఇల్లు ఏమైనా కానీ, రామ్మా అని బతిమాలినా. తల ఊపింది గానీ లేయలేదు.”

ఆటో ఆసుపత్రి చేరేలోపలే ఆమె పోయింది. అటు నుంచి అటే ఊరికి తీసుకుపోయారు.

“ఊర్లో బయట పొయ్యి ముట్టించి, ఉడుకునీళ్లు కాసి పోసినాం మేడమ్,” అంది ఉరుకుందమ్మ. అంతవరకు గట్టిగా ఉన్న మనిషి అప్పుడు ఏడ్చింది. నాకూ ఆగలేదు. రామచంద్రయ్య కూడా వాళ్లతో ఊరికి పోయి, మట్టి వేసి వచ్చాడట.

“ఆ రోజే, ఈ గదిలోనే, నీ మాట నాకొద్దమ్మా అనింటే సరిపోతుండె,” అన్నాడాయన. “చివరి నిమిషంలో అంటే ఆయమ్మ ఎట్ల నమ్ముతుంది?”

వాళ్లు నన్ను ఏమీ అడగడానికి రాలేదు. ఉరుకుందమ్మ అదే ఇంట్లో ఉంటోందని, ఆయన భార్యకు నీళ్లు పోసేటప్పుడు తనే సాయం పడుతోందని చెప్పి లేచి వెళ్లారు.

వేన్నీళ్ల తగాదాలు ఇప్పుడూ వస్తుంటాయి. బాడుగ ఆపొద్దు, మెసేజీ పెట్టు, ఒప్పుకున్నట్టు రాయించుకో అని అవే మాటలు చెబుతాను. కాకపోతే సంతకాలకు ముందు రెండు పక్షాలనూ ఇంకో ప్రశ్న అడుగుతున్నాను. ఈ కాగితంలో లేని మాట ఏదైనా ఒకరికొకరు ఇచ్చుకున్నారా? ఇచ్చుకుని ఉంటే, అది మోయకూడని మాటయితే, పుచ్చుకున్నవాళ్ల చేత అక్కడికక్కడే వెనక్కి ఇప్పిస్తాను. కాగితంలో రాయనంత మాత్రాన మాట లేకుండా పోదు. ఆ రోజు నేను రాసిన షరతులన్నీ ఇంటాయనకే. హనుమక్క మీద ఒక్క షరతూ పెట్టలేదు. నేను రాయనన్న ఆ ఒక్క మాట కోసం ఆమె వానలో బండ మీద కూర్చుంది.