ఫోర్కు విప్పిన టెలిస్కోపుతో ధైద్ దారిలో ఒక ఉదయం

ఈ ప్రయాణం నా వేలు నలగడంతో మొదలైంది. 1986లో నేను దుబాయ్ పక్కన జెబెల్ అలీలో పైపు ఫిట్టర్‌ని, పేరు మల్లేశు. వాల్వు బిగిస్తుంటే ఎడమచేతి చూపుడువేలు రెండు ఇనుప రేకుల మధ్య పడింది. కంపెనీ బండిలో దుబాయ్ ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ కట్టు కట్టిన నర్సు పేరు సుగుణ. బందరు వైపు మనిషి, నలభైకి దగ్గరపడిన వయసు. జగిత్యాల పక్క పల్లె నుంచి పోయిన నాకు ఆ వార్డులో తెలుగు మాట వినబడగానే సగం నొప్పి తగ్గింది. కట్టు మార్చుకోవడానికి మళ్లీ వెళ్లినప్పుడు ఆమె అడిగింది.

"నువ్వు చేసేది పైపుల పనన్నావు కదా తమ్ముడూ. ఎంత వాలు కావాలంటే అంత వాలుగా పైపు నిలబెట్టగలవా?"

"నిలబెడ్త సిస్టర్. ఏం పైపు? నీళ్లదా, గ్యాసుదా?"

"రెండూ కాదు. దాని మీద టెలిస్కోపు పెట్టాలి."

నవ్వులాటకు అంటోందనుకున్నాను. కాదు. దేశం వదిలి వెళ్లిపోతున్న ఒక అమెరికన్ ఇంజినీరు దగ్గర ఆమె నిజంగానే టెలిస్కోపు కొనుక్కుంది. లావుపాటి పొట్టి గొట్టం, దాన్ని రెండు పక్కలా పట్టుకుని నిలబడ్డ రెండు చేతుల చట్రం, ఆ చట్రం కింద మోటారున్న బరువైన దిమ్మ. ఆ చేతుల చట్రాన్నే ఫోర్కు అంటారు. అమెరికా కరెంటు కోసం చేసిన మోటారు దుబాయ్ కరెంటుకు మొదటి వారంలోనే కాలిపోయింది. మిగిలిందంతా ఒకే ముద్ద. ఇద్దరు పట్టుకుంటే తప్ప నర్సుల హాస్టల్ మెట్లు దిగదు. అందుకే ఫోర్కు విప్పేసి, గొట్టం ఒక్కదాన్నే తేలికైన పైపు స్టాండు మీద పెట్టుకోవాలని ఆమె ఆలోచన. నవంబరులో ఒక గురువారం ఉదయం బుధగ్రహం సూర్యుడికి అడ్డంగా నడిచిపోతుందని ఆమె ఏదో ఇంగ్లీషు పత్రికలో చదివింది. మళ్లీ ఏడేళ్ల దాకా ఆ అవకాశం లేదట. హాస్టల్ డాబాకు తూర్పున కొత్త బిల్డింగు లేచింది. అందుకని తూర్పు తీరంలోని ఫుజైరా ఒడ్డుకు వెళ్లి, సముద్రంలోంచి లేచే సూర్యుడి మీద బుధుణ్ణి చూడాలని ఆమె కోరిక. ఏడేళ్ల తర్వాత ఎవరెక్కడుంటారో అని మాత్రం అంది.

మా క్యాంపు వెనక పైపుల షెడ్డు సెలవు రోజైన శుక్రవారం ఖాళీగా ఉంటుంది. ఫోర్‌మన్‌ను అడిగి తాళం తీసుకున్నాను. సుగుణ సిస్టర్ తన రూమ్మేట్ లిస్సీని వెంటబెట్టుకుని టాక్సీలో వచ్చింది. లిస్సీ కేరళ అమ్మాయి, ఆమె కూడా నర్సే. హాస్టల్ తలగడలు రెండు బల్ల మీద పరిచి, వాటి మీద గొట్టం వాలేలా చట్రాన్ని పడుకోబెట్టారు. ఒక్కో చేతి లోపలివైపు నాలుగేసి స్క్రూలు. ఏడు తేలిగ్గానే వచ్చాయి. ఎనిమిదోది కదల్లేదు. దుబాయ్ గాలిలో ఉప్పూ తేమా కలిసి ఉక్కు స్క్రూను అల్యూమినియంలో అతికించేశాయి.

"ఇర్సుకపోయింది సిస్టర్. జర దూరం జరుగున్రి, సుత్తెతోని ఒక్కటేస్త. లేకుంటె గ్యాసు మంట సూపిస్త."

"కొట్టమాకు తమ్ముడూ, నీకు దండం పెడతా. లోపల అద్దం ఉంది. వేడి తగిలినా అంతే, దెబ్బ తగిలినా అంతే."

సంచిలోంచి సిరంజి తీసింది. మా షెడ్డులో నూనె అడిగి అందులోకి పీల్చి, స్క్రూ చుట్టూ ఒక్కో చుక్క వదిలింది. అప్పుడే గుచ్చితే నరం దొరకదన్నట్టు, కాసేపు ఆగి మళ్లీ ఒక చుక్క. మేం మెస్సులో అన్నం తిని వచ్చేదాకా దాన్ని ముట్టుకోనివ్వలేదు. తిరిగి వచ్చి నేను పానా పెట్టి తిప్పితే, కిర్రుమని ఒక్క మూలుగు మూలిగి తిరిగింది. అంత ఓపిక నా పనిలో నేను ఎన్నడూ చూపలేదు.

గొట్టాన్ని బయటికి తీసేటప్పుడు ఆమె మాట పూర్తిగా మారిపోయింది. స్ట్రెచర్ మీది నుంచి మంచం మీదికి పేషెంటును మార్చే గొంతు అది.

"లిస్సీ, నువ్వా చెయ్యి కొంచెం ఎడంగా లాగు. ఎక్కువొద్దు. మల్లేశూ, నువ్వు అడుగున పట్టుకో. మూడు అన్నాకే ఎత్తాలి, ముందు ఎత్తకండి. ఒకటి, రెండు, మూడు."

గొట్టం తలగడల మీదికి వచ్చింది. సందులోంచి రాలిన పల్చని వాషర్లను ఆమె ఏరి, ఏ పక్కవి ఆ పక్కన ప్లాస్టరుతో ఫోర్కుకే అంటించింది. నేను పొడవాటి కొత్త స్క్రూలు తీసుకొస్తే వాటినీ పక్కన పెట్టించింది. పాతవాటికంటే పొడవున్నవి లోపలికి దిగితే అద్దానికి తగులుతాయట. అందుకే గొట్టాన్ని స్టాండుకు కలపడానికి నేను చేసిన రేకును పల్చగా అరగదీసి, పాత స్క్రూలతోనే గొట్టానికి బిగించాం.

కొత్త స్టాండు నా పని. మూడు పైపు కాళ్లు, ఒకటి పొడుగు, రెండు పొట్టి. పైన ఇంగ్లీషు T అక్షరంలా ఉండే రెండు టీ జాయింట్లు, వాటి మరల్లో గ్రీజు. ఒక జాయింటు ధ్రువనక్షత్రం వైపు వాలి తిరుగుతుంది. రెండోది దానికి అడ్డంగా తిరుగుతుంది. ఒక పక్క గొట్టం, బరువు సరిపోవడానికి రెండో పక్క పైపు మూతి మూసే ఇనుప బిళ్ల. సిస్టర్ ఒక వేలితో తోసి చూసింది. గొట్టం సాఫీగా తిరిగి, వదిలిన చోటే ఆగింది. ఆమె మొహం చూస్తే నాకు ఓవర్‌టైము ఇచ్చినంత సంతోషమైంది.

బుధవారం రాత్రి డ్యూటీ దిగి, కాసేపైనా నిద్రపోకుండా, గురువారం తెల్లవారుజామున నాలుగున్నరకు ఆమె హాస్టల్ గేటు దగ్గర నిలబడి ఉంది. మధ్యాహ్నం మూడుకు మళ్లీ డ్యూటీ. మేం మాట్లాడుకున్నది గుల్ ఖాన్ అనే పఠాన్ డ్రైవర్ పికప్పు, రానూపోనూ నూట యాభై దిర్హములు, పెట్రోలు అతనిదే. దుబాయ్ నుంచి షార్జా, అక్కడి నుంచి ధైద్, మసాఫీ, ఆ తర్వాత కొండల మధ్యగా దిగితే ఫుజైరా. ఇప్పుడు కొత్త రోడ్డు మీద గంటన్నరలోపే పోతున్నారు. అప్పట్లో రోడ్డు మీదికి ఒంటెలు వచ్చేవి కాబట్టి రెండు గంటలకు పైనే అనుకోవాలి. ధైద్‌లో ఒక మలబారు హోటల్ అప్పుడే పొయ్యి వెలిగించింది. పరోటాలు కట్టించుకుని, ఫ్లాస్కు నిండా చాయ్ పోయించుకుని బయల్దేరాం. లిస్సీ వెనక సీట్లో నిద్రపోయింది.

ధైద్ దాటి కొంతదూరం పోయాక పోలీసులు ఆపారు. ఎదురుగా కొండలు నల్లగా కనబడుతున్నాయి, వాటి వెనక ఆకాశం తెల్లబడుతోంది. పెద్దవయసు సార్జెంటు ఒకాయన టార్చి వేసి పికప్పు వెనక చూశాడు. టార్పాలిన్ కింద మూడు కాళ్ల ఇనుప స్టాండు, దాని పక్కన లావుపాటి గొట్టం. టార్చి అక్కడే ఆగిపోయింది.

"శూ హాదా?" ఇదేంటని అడిగాడు.

గుల్ ఖాన్ మొహంలో రక్తం లేదు. "మై సిర్ఫ్ డ్రైవర్ హూఁ సాబ్" అని, తను డ్రైవర్ మాత్రమేనని రెండు చేతులూ పైకెత్తాడు. అప్పుడుగానీ నాకు తట్టలేదు, నేను చేసిన ఆ స్టాండు అచ్చం తుపాకీ నిలబెట్టే స్టాండులా ఉందని. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర, చేతిలో ఉన్నది ఒక్క లేబర్ కార్డు.

సుగుణ సిస్టర్ బండి దిగి ఆయన ఎదుట నిలబడింది. ఆమెకు వచ్చిన అరబ్బీ అంతా వార్డులో నేర్చుకున్నదే. నొప్పెక్కడ, నోరు తెరు, ఊపిరి పీల్చు, భయపడకు.

"లా తఖాఫ్, బాబా" అంది. భయపడకు నాయనా అని. "హాదా హగ్ షంస్." ఇది సూర్యుడి కోసం.

సార్జెంటు ఆకాశం వైపు చూపి ఏదో అన్నాడు. సూర్యుణ్ణి చూడ్డానికి గొట్టమెందుకని కాబోలు, పక్కనున్న కానిస్టేబుళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. పై ఆఫీసరు వచ్చేదాకా బండి కదలకూడదన్నాడు. ఆఫీసరు ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలియదు. కొండల అంచు బంగారు రంగుకు తిరుగుతోంది. ఇక సముద్రం లేదు, ఒడ్డు లేదు. సిస్టర్ అటే చూస్తూ ఒక్క క్షణం పెదవి కొరుక్కుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"స్టాండు ఇక్కడే దించుదాం తమ్ముడూ."

"ఈడనా? పోలీసోల్ల ముంగటనా?"

"చూపిస్తే గానీ ఆయనకెలా తెలుస్తుంది? అడుగుతా."

విప్పొద్దు, అందర్నీ లోపలేస్తారని గుల్ ఖాన్ బతిమాలాడు. "సిస్టర్ జీ, మత్ ఖోలో. సబ్‌కో అందర్ కర్ దేంగే." ఆమె వినలేదు. సార్జెంటుకు చేతులతో, నాలుగు అరబ్బీ మాటలతో అడిగింది. ఆయన చాలాసేపు ఆమె మొహంలోకి చూసి తలూపాడు. ఒక కానిస్టేబులు తుపాకీ పట్టుకుని మా పక్కనే నిలబడ్డాడు. నేను కాళ్లు బిగించాను. లిస్సీ నిద్ర మొహంతోనే ఇనుప బిళ్ల అందించింది. సిస్టర్ గొట్టం ముందుభాగానికి సూర్యుడి వెలుగును తగ్గించే ఫిల్టరు తొడిగి చుట్టూ ఆసుపత్రి ప్లాస్టరు వేసింది. గొట్టం పక్కనున్న చిన్న దుర్భిణీకి మూత పెట్టి దానికీ వేసింది. సూర్యుడి వైపు ఎవరినీ నేరుగా చూడనివ్వలేదు. ఇసుక మీద గొట్టం నీడ పొడుగ్గా పడింది. తిప్పుతూ పోతే ఆ నీడ కుంచించుకుని గుండ్రంగా అయింది. అంటే గొట్టం సూర్యుడికి ఎదురుగా ఉన్నట్టు.

"ముందు నేను చూడాలి. ఫిల్టరు బాగుందని తెలిశాకే ఇంకొకరి కన్ను" అని వంగింది.

గొట్టాన్ని వేలితో కాస్త జరిపి చూసింది. తర్వాత మెల్లగా, "ఉంది తమ్ముడూ" అంది.

సార్జెంటును పిలిచింది. ఆయన తుపాకీ పక్కవాడికిచ్చి ముందుకొచ్చాడు. ఒక కన్ను మూసుకోమని చెప్పి, పేషెంటు తల పట్టినట్టే ఆయన తల మెల్లగా సరిచేసింది. "షువయ్ షువయ్, బాబా." మెల్లగా, మెల్లగా అని. ఆయన ఊపిరి బిగబట్టాడు.

"నుక్తా!" అన్నాడు. చుక్క. "శూ హాదా నుక్తా?"

"ఉతారిద్" అంది సిస్టర్. అరబ్బీలో బుధుడు. ఆ ఒక్క మాట కోసం ముందురోజే ఆసుపత్రిలో ఈజిప్టు డాక్టరును అడిగి పెట్టుకుందట.

దూరంగా నిలబడ్డ గుల్ ఖాన్ ఉలిక్కిపడ్డాడు. "ఉతారిద్? వో తో హమ్ భీ ఉతారిద్ హీ బోల్తే హైఁ!" మేమూ ఉతారిద్ అనే అంటామంటూ భయం మర్చిపోయి వచ్చాడు. సార్జెంటు "సుబ్‌హానల్లా" అని దేవుణ్ణి తలుచుకుని మళ్లీ వంగాడు. నా వంతు వచ్చింది. నారింజ రంగు పెద్ద బిళ్ల. ఆ ఏడాది దాని మీద మచ్చలు పెద్దగా లేవు. అంచుకు ఎడంగా ఒకే ఒక్క నల్లటి చుక్క, ఆవగింజ కంటే చిన్నది, సూదితో గుచ్చినంత స్పష్టంగా. అది మనలాంటి నేల అనీ, అంత పెద్దది అక్కడ అలా నడుస్తోందనీ తెలిసి చూస్తుంటే ఒళ్లు గగుర్పొడిచింది.

ఆ తర్వాత చెక్‌పోస్టు చెక్‌పోస్టులా లేదు. సార్జెంటు తన వాళ్లందరినీ పిలిచాడు. ఆపిన ప్రతి బండిలోని వాళ్లూ దిగి వచ్చారు. ఖర్జూరం లారీ డ్రైవరు, మేకలు తోలుకెళ్లే ఇద్దరు, కూలీల బస్సులోని పంజాబీలు. మా పరోటాలు అయిపోతే పోలీసులు తమ రొట్టె, చాయ్ ఇచ్చారు. ఒక పికప్పులోంచి మొహానికి బుర్కా కట్టుకున్న ముసలమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని దిగింది. ఆమెకు చుక్క కనబడలేదు. వెలుగు మాత్రం ఉందంది. సుగుణ సిస్టర్ ఆమెను బండి నీడలోకి తీసుకెళ్లి కనురెప్ప ఎత్తి చూసింది.

"తెల్లగా పొర వచ్చేసింది. ఆపరేషను చేస్తే కనబడుద్ది" అని నాతో అని, కొడుకుకు ఆసుపత్రి పేరు, కంటి డాక్టరు ఉండే రోజు రెండు మూడుసార్లు చెప్పింది. అతను తలూపాడు.

తొమ్మిది దాటాక ఆఫీసరు వైర్‌లెస్‌లో వదిలెయ్యమన్నాడు. ఇప్పుడు బయల్దేరినా చివరి ఘట్టం సముద్రం ఒడ్డున చూడొచ్చని నేనన్నాను. ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఇంకా పదిమంది నిలబడి ఉన్నారు.

"వీళ్లను వదిలేసి ఎట్టా పోతాం?" అంది.

పదిన్నర దగ్గర పడేసరికి చుక్క సూర్యుడి అంచుకు చేరింది. ఒక కుర్ర కానిస్టేబులు కన్ను తియ్యడం లేదు. సార్జెంటు వచ్చి అతని భుజం పట్టి వెనక్కి లాగాడు. చెయ్యి చాపి వరసంతటినీ ఆపాడు.

"ఖలాస్. అల్‌హీన్ సిస్టర్ బస్" అన్నాడు. ఇక సిస్టర్ ఒక్కతే అని.

ఆమె వంగింది. చున్నీ గాలికి ఎగురుతోంది. సార్జెంటే ఇంజిను ఆపని లారీ డ్రైవరును కేకేసి ఆపించాడు. నేల అదిరితే చుక్క చెదురుతుందని ఆయనకు అప్పటికే అర్థమైంది. కాసేపటికి ఆమె తలెత్తింది. కళ్లు తడిగా ఉన్నాయి, పెదవులు నవ్వుతున్నాయి.

"దాటిపోయింది" అంది. సార్జెంటు గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు.

ఒంటిగంటన్నరకు హాస్టల్ చేరాం. మూడింటికి ఆమె డ్యూటీలో ఉందని తర్వాత లిస్సీ చెప్పింది. ఆ ముసలమ్మ ఆసుపత్రికి వచ్చిందో లేదో నాకు తెలియదు. నా వేలు నయమైంది, కంపెనీ నన్ను దూరంగా రువైస్ అనే చోట పనికి పంపింది. తర్వాత కొన్ని పెద్ద పనులు చేశాను, పెద్ద ఇంజినీర్ల కింద కూడా చేశాను. కానీ పనిమంతులంటే ఎవరని అడిగితే నాకు గుర్తొచ్చేది ఆమే. కోరుకున్న ఒడ్డు పోయింది, నిద్ర పోయింది. ఎదుటివాడు తుపాకీ పట్టుకుని అనుమానంగా చూస్తున్నాడు. ఆమె అతన్ని కోపగించుకోలేదు, బతిమాలనూ లేదు. తను చూడాలనుకున్నది అతనికీ చూపించింది. ఆ ఉదయం సముద్రం చూడలేదన్న బాధ నాకు ఎన్నడూ కలగలేదు.

టెలిస్కోపును ఇలా వేరే స్టాండు మీద పెట్టుకుని బయల్దేరాలనుకునే వాళ్లకు ఒక్క మాట. దారికి పట్టే సమయం, బిగించడానికి పట్టే సమయం అందరూ లెక్క వేసుకుంటారు. మీరెక్కడ దించినా జనం వస్తారు. వాళ్లందరూ తలొకసారి చూడ్డానికి పట్టే సమయం కూడా కలుపుకుని, ఇంకో గంట ముందే బయల్దేరండి.