విశాలి కుదించిన కబురు

భావనపాడులో మా పక్క వాటాలో ఉండే విశాలి రోజూ పొద్దున్నే తడి జుట్టు ముడేసుకుని, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంటుంది. ఆలోచన తెగనప్పుడు ఆమె బొటనవేలు నేల మీద తాళం వేస్తుంది. గుడిలో పాడేవాళ్ల ఇంటి పిల్ల మరి. పడవలకూ ఒడ్డుకూ మధ్య ఫోన్లలో కబుర్లు నడిపే ప్రోగ్రాం ఆమెది. "ఏటే, రాసిందంతా సెరిపేస్తన్నావు?" అని ఎవరడిగినా విసుక్కోదు. "కబురు రెండు ముక్కలే పిన్నీ. దాని చుట్టూ ఎవరు, ఎవరికి, ఎప్పుడు అని ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే కంప్యూటర్ రాతలో మాటలు బారెడుంటాయి. వాటి బదులు అంకెలు పెడతన్నాను. సిగ్నల్ బక్కగా ఉన్నా దూరిపోతాది" అంటుంది.

ఆ అంకెల అర్థం రెండు ఫోన్లకూ తెలిసుండాలట. అందుకే మొన్న పొద్దున చేపల వేటకి గంగులు పడవ కదులుతుంటే మోకాలి లోతు నీళ్లలోకి దిగి మరీ అతని ఫోన్లో కొత్త ప్రోగ్రాం ఎక్కించి వచ్చింది. ఆ మధ్యాహ్నానికే మా రేవులో కెరటాలు లేచాయి. గంగులు పెళ్లాం మరిడమ్మ ఒడ్డున గోలెత్తింది. "పాత కబుర్లే అంత దూరం ఎల్లేవి కావు, నీ అంకెలెల్తాయేటి? ఇటొచ్చేడంటే పడవ తిరగబడిపోద్దే!"

"ఇటు రావద్దు, ఉత్తరం రేవుకెళ్లు" అని గంగులుకి పంపి, విశాలి తన ఫోను ఆమె చేతిలో పెట్టింది. "వెళ్తాదక్కా."

జవాబు రాలేదు. మరిడమ్మ ఫోను వంక చూస్తోంది, విశాలి సముద్రం వంక చూస్తోంది. కాసేపటికి దూరాన పడవ ముక్కు ఉత్తరానికి తిరిగింది.

"చూసినావా!" అంది విశాలి.

మరిడమ్మ అప్పటికే కుచ్చిళ్లు ఎగదోపుకుని ఉత్తరం రేవుకేసి పరుగెడుతోంది, ఆ ఫోనుతో సహా.