నాయన మజ్జిగలో ఉప్పు

మా నాయన బండి తోలేవాడు. మార్కాపురం గనుల దగ్గర పెట్టెలకెత్తిన పలకలను ఎద్దుల బండిలో రైలు స్టేషనుకు చేర్చడం ఆయన పని. రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. మా తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. సాయంత్రం బండి దిగేసరికి నాయన చొక్కా వీపున చెమట ఆరి తెల్లగా ఉప్పు పేరుకునేది. ఆయన్ను కన్న మా అవ్వ ఆ చొక్కా ఉతుకుతూ, "ఒంట్లో ఉప్పంతా ఇట్ల కారిపోతే మనిషికి బలం యాడుంటాది" అనేది. అందుకే ఆమె చేసే సంగటిలో, కలిపే మజ్జిగలో ఉప్పు ఎక్కువే పడేది. పక్కన చింతకాయ తొక్కు ఎటూ ఉండేది.

ఒక ఎండాకాలం నాయనకు తలనొప్పులు మొదలయ్యాయి. మెడ వెనక పట్టేసినట్టుందని, కళ్లు తిరుగుతున్నాయని అమ్మతో చెప్పాడు. అమ్మా నాయనా మార్కాపురంలో డాక్టరు దగ్గరికి వెళ్తూ నన్నూ తీసుకువెళ్లారు. డాక్టరు నాయన చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, పాదరసం దిగేదాకా చూశాడు.

"రక్తపోటు చాలా ఉంది. మాత్రలు రాస్తాను. ఉప్పు మాత్రం బాగా తగ్గించాలి. పచ్చళ్లు మానెయ్యాలి."

"తలనొప్పికీ ఉప్పుకూ ఏంది సార్?" అన్నాడు నాయన.

"ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది. రక్తం గట్టిగా తోసుకుంటూ పోతుంది. నీకు తెలియకుండానే గుండె దెబ్బతింటుంది. ఒక్కోసారి మెదడులో నరం చిట్లుతుంది."

ఇంటికొచ్చాక అమ్మ అవ్వకు ఒకే మాట చెప్పింది. "ఉప్పు వెయ్యొద్దన్నాడత్తా."

ఉప్పు లేని సంగటి నాయనకు మింగుడు పడలేదు. రెండు ముద్దలు తిని లేచేవాడు. చూస్తుండగానే చెంపలు లోపలికి పోయాయి. ఎద్దులను కట్టేటప్పుడు ఆయన ఆగి ఆగి ఊపిరి తీసుకోవడం అవ్వ గుమ్మంలో నిలబడి చూసేది. కొన్నాళ్లకు నాయన మజ్జిగ మళ్లీ ఇష్టంగా తాగడం మొదలుపెట్టాడు. అలవాటు పడ్డాడని అమ్మ సంతోషించింది.

వానలు పడ్డాక ఒక ఉదయం స్టేషనుకు పోయే తర్లుపాడు దారిలో నాయన బండి మీదే ఒరిగిపోయాడు. వెనక వస్తున్న బండివాళ్లు ఇంటికి చేర్చారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నోరు ఒక పక్కకు లాగింది.

డాక్టరు వచ్చి చూసి, ఉప్పు తగ్గించాడా అని అడిగాడు.

"చిటికెడు కూడా వెయ్యలేదు సార్" అంది అమ్మ.

అవ్వ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. "నేనేసినా. మజ్జిగలో. దినామూ."

"వద్దని చెప్పినా గదత్తా."

"వద్దని చెప్పినావు. ఎందుకో చెప్పలేదు. బిడ్డ తినకుండా చిక్కిపోతాంటే ఎట్ల చూస్తా ఉండేది?"

అమ్మ వెళ్లి నాయన పక్కన కూర్చుంది.

చాలా రోజులకు నాయనకు మాట కొంచెం తిరిగింది. అన్నం తినిపిస్తున్న అవ్వతో ముద్దముద్దగా, "నాకు తెలుసమ్మా. నాలిక్కు తెలీదా? నువ్వు బాధపడతావని తాగినా" అన్నాడు.

నాయన మళ్లీ బండెక్కలేదు. ఎద్దులను అమ్మేశాం. అమ్మ పలకల షెడ్డులో పనికి కుదిరింది. అవ్వ తన కంచంలోనూ ఉప్పు మానేసింది. నాయన ఎడమచేత్తో ఉప్పు గిన్నె ఆమె వైపు తోసినా ముట్టుకునేది కాదు. అట్లా ఉప్పు ముట్టకుండానే, ఆయనకంటే ముందు పోయింది.

చాలా ఏళ్లకు నేను ఇంకో డాక్టరును అడిగాను. ఉప్పు ఒక్కటే కారణమని చెప్పలేమన్నాడు. తగ్గించి ఉంటే మేలు జరిగేదేమో అని కూడా అన్నాడు.

మార్కాపురం బయల్దేరిన ఆ రోజు అవ్వ కూడా వస్తానంది. "ఎండలో నువ్వెందుకులేమ్మా" అని నాయనే ఆపాడు. డాక్టరు చెప్పిన ఆ నాలుగు మాటలు ఆమె చెవిన పడి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.