వారంటీ మీద వచ్చిన మనిషి

మూంటా ఊరి బేకరీలో పేస్టీల అంచులు మడిచే పని గ్లెనిస్ ట్రెంబాత్‌ది. మాంసమూ బంగాళాదుంపా ఉల్లిపాయా కూరిన పిండిని అర్ధచంద్రంలా మూసి, అంచును తాడు పేనినట్టు వేళ్లతో మెలితిప్పుతూ పోవాలి. వాళ్ల నాయనమ్మ రాగిగనుల్లో దిగేవాళ్ల కోసం ఇవే మడిచేది. గనులు ఏనాడో మూతపడ్డాయి, పేస్టీలు మాత్రం మిగిలాయి.

గ్లెనిస్‌కు యాభై దాటాయి. భర్త లయల్ ఉత్తరాన ఇనుము గనుల్లో పనికని వెళ్లి, అక్కడే ఇంకొకామెతో కాపురం పెట్టాడు. ఇల్లు ఈమెకు దక్కింది. అతను వెళ్లిన మరుసటి ఏడాది ఆమె ఇంటి రేకుల మీద సోలార్ ప్యానెళ్లు వేయించుకుంది. ఒంటరిగా, ఎవరినీ అడగకుండా చేసిన మొదటి పెద్ద పని అది. కొన్నాళ్లపాటు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ పెరట్లోకి తీసుకెళ్లి మరీ చూపించింది.

అక్కడ జనవరి అంటే నడివేసవి. అలాంటి ఒక జనవరి వడగాలిలో, గ్యారేజీ గోడకున్న ఇన్వర్టర్ మీద పచ్చదీపం పోయి ఎర్రదీపం వెలిగింది. ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చే కరెంటుగా మార్చేది ఆ పెట్టే. అది మొరాయిస్తే పైన నిప్పులు చెరిగే ఎండ కాసినా దండగే. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే ఆ నంబరే లేదంది. దుకాణం ఎత్తేశారట. తయారుచేసిన కంపెనీవాళ్లు మాత్రం వారంటీ ఇంకా ఉందనీ, అయితే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ ఎవరైనా చూసి, పెట్టె ముందు నిలబడి తమకు ఫోన్ చేస్తేనే మారుస్తామనీ చెప్పారు.

అలా వచ్చాడు వింకో, పక్కూరు కడీనా నుంచి. పొడుగాటి మనిషి, నెరిసిన కనుబొమలు, చిన్న వ్యాను.

“ఎప్పట్నుంచి ఇలా?” అన్నాడు మూత విప్పుతూ.

“నిన్నట్నుంచి. మొన్నటిదాకా బుద్ధిగానే ఉంది.”

“ఈ ఎండకు మనుషులకే మతి పోతోంది. పాపం దీన్ని ఏమనగలం?”

మీటరు పెట్టి చూశాడు, ఫొటోలు తీశాడు, కంపెనీకి ఫోన్ కలిపాడు. అవతల సంగీతం మొదలైంది. కాసేపటికోసారి ఒక గొంతు, మీ కాల్ మాకు ఎంతో విలువైనది అని చెప్పి మళ్లీ సంగీతంలోకి జారిపోయేది.

“వీళ్లు ఇప్పట్లో ఎత్తరు. మీ పని మీరు చూసుకోండి, నేను వ్యాన్లో కూర్చుంటా,” అన్నాడు.

“వ్యాన్లో కూర్చుంటే ఉడికిపోతారు. లోపలికి రండి. కరెంటు బిల్లు సంగతి తర్వాత, ఏసీ వేస్తా.”

ఫోన్ వంటింటి బల్ల మీద పెట్టి ఇద్దరూ చెరోవైపు కూర్చున్నారు. ఆమె టీ పోసింది, బేకరీ నుంచి తెచ్చుకున్న పేస్టీ వేడి చేసి పెట్టింది. ఏదో ఒకటి మాట్లాడాలి గనక మాట్లాడుకున్నారు. అతనిది పోర్ట్ లింకన్, సముద్రానికి అవతలి ఒడ్డు. తండ్రి క్రొయేషియా నుంచి వచ్చి ట్యూనా పడవల మీద పనిచేశాడు.

“మరి మీరు?”

“నాకు పడవెక్కితే వాంతులు. మా నాన్న నన్ను చూసి, వీణ్ని కరెంటు స్తంభానికి కట్టేయండి, నేల మీదైనా నిలబడతాడు అన్నాడు. అలా ఈ పనిలో పడ్డా.”

గ్లెనిస్ నవ్వింది. ఆ వంటింట్లో తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది. ఇంకా నవ్వుతుండగానే అవతల ఎవరో ఫోన్ ఎత్తారు. ఆమెకు ఎందుకో చిన్న నిరాశ కలిగింది.

కొన్ని వారాలకు కొత్త పెట్టె వచ్చింది. కొత్తదంటే కొత్తది కాదు, ఎవరింట్లోనో పాడైనదాన్ని బాగుచేసి పంపింది. వింకో వచ్చి బిగించి వెళ్లాడు. చలికాలం రాకముందే అదీ చచ్చింది. మళ్లీ ఫోన్, మళ్లీ అదే సంగీతం, మళ్లీ టీ. ఈసారి బేకరీలో తన చేత్తో విడిగా చేసిన పేస్టీ, మొదటిసారి అతను తిననన్న ఉల్లిపాయ లేకుండా.

ఆ రోజే లియెర్కా గురించి చెప్పాడు. అతని భార్య. ఆ దగ్గర్లోని వాలరూలో వృద్ధులను చూసుకునేచోట ఉంది. ఇంకా అంత వయసేమీ కాదు గాని మతిమరుపు ముందే వచ్చింది.

“రోజూ పని అయ్యాక వెళ్తా. ఈ పని చొక్కా చూసి, లైటు బాగుచేయడానికి వచ్చానని అనుకుంటుంది. మా ఆయన సాయంత్రం వస్తాడు, అప్పటికి అయిపోతుందా అని అడుగుతుంది.”

“నువ్వేమంటావు?”

“అయిపోతుందమ్మా అంటా. ఏదో ఒక బల్బు విప్పి మళ్లీ బిగిస్తా.”

బల్ల మీద సంగీతం సాగుతూనే ఉంది. అతను తల వంచుకుని కప్పు తిప్పుతున్నాడు. ఆ చేతి మీద చెయ్యి వేయాలని గ్లెనిస్‌కు ఎంత బలంగా అనిపించిందంటే, లేచి వెళ్లి సింకులో ఉన్న రెండు చెంచాలూ కడిగింది.

బేకరీలో ఆమె పక్కన పనిచేసే రేలీన్‌కు ఏదీ దాగదు.

“ఏమే, మళ్లీ పాడైందా నీ పెట్టె? సుత్తితో కొడుతున్నావా ఏం?”

“నోరు ముయ్యి.”

“ముయ్యనుగానీ, ఉల్లిపాయలేని పేస్టీ ఎవరికో చెప్పు. ఈ ఊళ్లో పుట్టినవాడెవడూ అది తినడు.”

“పెళ్లైన మనిషి, రేలీన్.”

రేలీన్ చేతులాపి ఆమె మొహంలోకి చూసింది. తర్వాత ఆ మాట ఎత్తలేదు, కొన్నాళ్లపాటు.

మూడోసారి చెడినప్పుడు కంపెనీవాళ్లే విసిగి, పాత మోడల్ వద్దని సరికొత్త ఇన్వర్టర్ పంపారు. వింకో దాన్ని ఒక పూటంతా బిగించాడు. దీని సంగతులన్నీ ఫోన్లోనే కనిపిస్తాయని, ఏ తేడా వచ్చినా మనకన్నా ముందు కంపెనీకే తెలుస్తుందని చెప్పాడు.

“అంటే ఇక ఫోన్ పట్టుకుని కూర్చోనక్కర్లేదన్నమాట,” అంది గ్లెనిస్.

“అక్కర్లేదు. మంచి సరుకు. మనిద్దరికన్నా ఎక్కువ కాలం ఉంటుంది.”

సామాన్లు సర్దడానికి ఆ రోజు అతనికి చాలాసేపు పట్టింది. స్క్రూడ్రైవర్లను పెట్టెలోంచి తీసి, తుడిచి, మళ్లీ పెట్టెలో పెట్టాడు. ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. ఇద్దరికీ చెప్పుకోడానికి సాకు మిగల్లేదు.

ఇన్వర్టర్ నిజంగానే మంచిది. చలికాలం గడిచింది, బార్లీ పొలాలు పచ్చబడి మళ్లీ పండాయి, ఎండలొచ్చాయి. గ్లెనిస్ పనికి బయల్దేరేముందు గ్యారేజీలోకి తొంగిచూసేది. పచ్చదీపం నింపాదిగా వెలుగుతూ ఉండేది. పాడవాలని కోరుకోవడం తప్పు. ఆమె కోరుకోలేదు కూడా. చూసేది, అంతే. వ్యాను చప్పుడైతే కర్టెన్ తొలగించేది. పోస్టు వ్యాను అయ్యేది.

డిసెంబరులో ఒక పొద్దున, ఎందుకు చేసిందో ఆమెకే తెలియదు, ఇన్వర్టర్ పక్కనున్న స్విచ్ కిందికి లాగేసింది. దీపం ఆరిపోయింది. వెంటనే మొహం వేడెక్కింది. పైకి నెట్టేద్దామనుకునేలోపే రేలీన్ బయట కారు హారన్ కొట్టింది. మధ్యాహ్నం వచ్చి వేసేద్దాంలే అనుకుని వెళ్లిపోయింది. పనిలో ఆ రోజు చాలా పేస్టీల అంచులు విడిపోయాయి.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి వాకిట్లో వింకో వ్యాను ఉంది. అతను గ్యారేజీ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

“నేను ఫోన్ చేయలేదే,” అంది.

“చేయలేదు. పొద్దున నా ఫోన్లో మీ ఇంటి కరెంటు చూపించే గీత పడిపోయింది. కంపెనీ కన్నా ముందు నేనే చూశా.”

“నీ ఫోన్లోనా?”

“బిగించినప్పుడు నా దగ్గరా పెట్టుకున్నా. తీసేయాల్సింది, తీయలేదు. పొద్దున కాఫీ తాగుతూ చూస్తా. నువ్వు లేచి కెటిల్ పెడితే గీత పైకి లేస్తుంది. సరే, లేచింది అనుకుని పనికి పోతా. తప్పే. ఏమన్నా అను.”

ఇంతకాలం తను కర్టెన్ చాటునుంచి వీధి చూస్తున్నట్టే, అతనూ ఎక్కడో కడీనాలో కూర్చుని తన ఇంటివైపు చూస్తున్నాడు.

“స్విచ్ ఎవరో దించారు,” అన్నాడు నెమ్మదిగా.

“నేనే.”

“తెలుసు.” లేచి దాన్ని పైకి నెట్టాడు. “ఎలాగూ ఈ వారం వద్దామనే అనుకున్నా. నీకో మాట చెప్పాలి.”

వంటింటి బల్ల దగ్గర చెప్పాడు. లియెర్కా ఇంగ్లీషు పూర్తిగా మరిచిపోయింది. చిన్నప్పటి క్రొయేషియా మాటలే మిగిలాయి. వాలరూలో నర్సులకు అవి అర్థం కావు. దాహమేసినా చెప్పలేక ఏడుస్తోంది. పోర్ట్ లింకన్‌లో ఆమె అక్క ఉంది, అక్కడి వృద్ధుల ఇంట్లో ఆ భాష వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. మంచం దొరికింది. కొత్త సంవత్సరం రాగానే తీసుకెళ్తున్నాడు. కడీనాలో పని ఇంకో ఎలక్ట్రీషియన్‌కు అప్పజెప్పేశాడు.

“అక్కడే ఉంటావా?”

“తను ఉన్నన్నాళ్లూ. అక్కణ్నుంచి రోజూ వచ్చిపోయే దూరం కాదుగా.”

“కాదు,” అంది గ్లెనిస్. “వెళ్లు. దాహమేస్తే నీళ్లు అడగగలగాలి కదా మనిషి.”

వింకో తలెత్తి చూశాడు. అతని కళ్లు తడిశాయి. ఈసారి ఆమె లేచి సింకు దగ్గరికి పోలేదు. అతని చేతి మీద చెయ్యి వేసింది. టీ చల్లారేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. వెళ్లేముందు గుమ్మంలో ఆగి, “ఆ గీత నా ఫోన్లోంచి తీసేయమంటావా?” అని అడిగాడు.

“ఉండనీ,” అంది.

అతను వెళ్లిపోయాడు. ఉత్తరాలు లేవు, ఫోన్లు లేవు; ఇద్దరూ ఆ విషయంలో ఒకరికొకరు ఏమీ చెప్పుకోకుండానే ఒప్పుకున్నారు. కొన్నాళ్లకు కడీనాలో అతని చుట్టం ఒకరు బేకరీకి వచ్చి, లియెర్కా అక్కడ కుదుటపడిందని, పాటలు కూడా పాడుతోందని, వింకోను తన అన్నయ్య అనుకుంటోందని చెప్పారు. గ్లెనిస్ ఆ రోజంతా ఉల్లాసంగా ఉంది. సాయంత్రం కారులో కూర్చున్నాక ఏడ్చింది.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం రేలీన్‌తో కలిసి మూంటా బే జెట్టీ మీదికి నీలిపీతలు పట్టడానికి వెళ్లింది. వలలు దింపి ఇద్దరూ చెక్కల మీద కాళ్లు వేలాడేసి కూర్చున్నారు. సూర్యుడు సముద్రం మీదికి వంగుతున్నాడు. కనిపించదుగానీ, ఆ నీళ్లకవతల నైరుతి మూల పోర్ట్ లింకన్ ఉంది.

“వాలరూ నుంచి అవతలి ఒడ్డుకి ఫెర్రీ వేశారు మళ్లీ,” అంది రేలీన్, నీళ్లకేసి చూస్తూ. “కారు కూడా ఎక్కించుకుంటారు. ఒక శనివారం వెళ్లొస్తే ఎవరు కాదంటారు?”

“ఎవరూ అనరు.”

“మరి?”

అక్కడికి వెళ్లే రోజును గ్లెనిస్ ఎన్నోసార్లు ఊహించుకుంది. పడవ దిగడం, ఆ వీధి, వృద్ధుల ఇంటి తలుపు, అతని మొహం. ప్రతిసారీ ఆ తలుపు వెనకనుంచి ఒకామె ఎవరొచ్చారని తన భాషలో అడిగేది. అక్కడే ఊహ ఆగిపోయేది.

“ఆమెకు ఇప్పుడు అతను అన్నయ్య,” అంది గ్లెనిస్. “ఉన్న ఒక్క అన్నయ్య. నన్ను చూస్తే అతను సగం నావైపు తిరుగుతాడు. ఆ సగం కూడా ఆమెదే ఇప్పుడు.”

“నీ సంగతో?”

“నాకు కావాలి, రేలీన్. రోజూ కావాలి. అందుకే వెళ్లను.”

రేలీన్ ఏదో అనబోయి, వల తాడు బిగుసుకోవడంతో లేచింది. ఇద్దరూ కలిసి లాగారు. రెండు పీతలు పడ్డాయి, ఒకటి గుడ్లున్న ఆడది. గ్లెనిస్ దాన్ని వెనక కాళ్లు పట్టుకుని జాగ్రత్తగా విడిపించి నీళ్లలోకి వదిలేసింది. అది పక్కకు ఈదుకుంటూ చీకటి పడుతున్న లోతులోకి దిగిపోయింది. ఆమె చేతులు ప్యాంటుకు తుడుచుకుని, వలకు మళ్లీ ఎర కట్టడం మొదలుపెట్టింది.