పేర్లున్న గ్లాసులు

పెనుకొండలో మేమున్న వీధిలో ఉలిగమ్మ ఏ ఇంట్లో ఉందో ఎవరూ వెతకనక్కర్లేదు. ఆమెకు మెల్లగా మాట్లాడటం రాదు. అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తూనే వీధి చివర పోయేవాళ్లను పలకరిస్తుంది. ఆమె భర్త గొర్రెలు తోలుకుని రొద్దం వైపు పోతే వారాల తరబడి తిరిగి రాడు. పిల్లలు లేరు. మాట్లాడటానికి ఆమెకు వీధంతా కావాలి.

1998లో మేము ఆమె పక్క వాటాలో అద్దెకు దిగాం. నేను హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. నా భార్య పవిత్ర ధర్మవరంలో నర్సు. పొద్దున్నే రైలెక్కిపోయేది. రెండేళ్లు నిండని మా సుధ పగలంతా ఉలిగమ్మ చంకలోనే ఉండేది. మా పాప మొదటి మాటలు గట్టిగా అరిచినట్టు పలకడానికి కారణం అదే.

మా పెరటి గోడకు ఆవల వెంకటప్ప కల్యాణ మండపం ఉంది. అప్పుడప్పుడే పెళ్లిళ్లలోకి ప్లాస్టిక్ గ్లాసులు వచ్చాయి. పెళ్లి అయిన మర్నాడు వాటిని పాయసం అంటినవి అంటినట్టే గుంతలో పోసి నిప్పు పెట్టేవారు. ఆ నల్లటి పొగ తిన్నగా మా వంటింటి కిటికీలోకి వచ్చేది. సాయంత్రానికి సుధకు పిల్లికూతలు మొదలయ్యేవి.

నేను చదివింది కెమిస్ట్రీ. ఇంకొకరైతే పొగ అనుకుని ఊరుకునేవారు. నాకు అందులో ఏమేం ఉంటాయో ఒక్కొక్కటే గుర్తొచ్చేది. కిటికీలకు తడిబట్టలు కట్టాను. సుధ పడుకుంటే వీపుకు చెవి ఆనించి వినేవాణ్ణి. "నువ్వు వింటున్నందుకే లేస్తోంది, పక్కకు జరుగు" అని పవిత్ర కసిరేది. చివరికి ధర్మవరానికే మారిపోదామని అక్కడొక అద్దె ఇల్లు మాట్లాడుకున్నాం. పవిత్రకు రైలు బాధ తప్పుతుంది, పాపకు పొగ తప్పుతుంది.

ఆ మాట ఉలిగమ్మకు చెప్పాను. ఆమె చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది.

"పొగకా పోతాండారు?" అంది.

"పొగకే."

"అయితే పొగే పోవల్ల గానీ, నా పాప ఏంటికి పోవల్ల?" అని సుధను చంకనేసుకుని లేచింది. నేను వెనకే వెళ్లాను.

వెంకటప్ప మండపం మెట్ల మీద పేపరు చదువుతున్నాడు.

"ఏమబ్బా వెంకటప్పా, నీ పెండ్లిండ్లు నువ్వు చేసుకో. ఆ గ్లాసులు మా ముక్కుల్లో ఏంటికి కాలుస్తావు?"

"ఇంగేం చేయల్ల అక్కా? జనం నీళ్లు దోసిట్లో తాగుతారా? స్టీలు గ్లాసులు పెడితే తోమేవాళ్లు యాడ ఉండారు? అవి మళ్లీ లెక్కకు వస్తాయా?"

"గ్లాసులు నేను తెస్తా. నేనే తోమిస్తా."

వెంకటప్ప నవ్వాడు. "సరే. ఈడ ఇప్పుడు జరగబోయేది ఓబన్న కూతురి పెండ్లి, దానికి పెట్టు. ఏ బంతిలోనూ నీళ్లకు తడుముకోకుండా జరిగితే ప్లాస్టిక్ మానేస్తా. జరగకపోతే ఇంగ ఈ మాట ఎత్తగూడదు."

"ఎత్తను" అందామె.

స్టీలు గ్లాసులు లేని ఇల్లు మా దగ్గర లేదు. పెళ్లికీ, నామకరణానికీ, గృహప్రవేశానికీ అవే చదివింపులు. ఒక్కో ఇంటి అటక మీద గోనెసంచి నిండా ఉంటాయి, ప్రతిదాని మీదా ఆ ఇంటివాళ్ల పేరు కొట్టించి ఉంటుంది. ఉలిగమ్మ వీధి వీధీ తిరిగింది. సంచి మోయడం నా వంతు.

"ఎవురెవురో తాగినదాంట్లో మేము తాగల్లా?" అని నరసక్క మూతి తిప్పింది.

"బస్టాండు హోటల్లో టీ తాగేటప్పుడు ఎవురు తాగినారని అడిగినావా?" అంది ఉలిగమ్మ. నరసక్క లోపలికి వెళ్లి గ్లాసులు తెచ్చి ఇచ్చింది.

ఆ ఎంగిలి మాట మాత్రం నన్ను పట్టుకుంది. తోమిన గ్లాసులన్నీ మరిగే నీళ్లలో ముంచాల్సిందేనని పట్టుబట్టాను. పెళ్లిరోజు పెద్ద కాగు కింద మంట వేసుకుని నేనే కూర్చున్నాను. "సార్ పెండ్లికొచ్చినాడా, వంటకొచ్చినాడా?" అని నా శిష్యుల తండ్రులు నవ్వుకున్నారు.

మొదటి బంతి చక్కగా జరిగింది. రెండో బంతికి తోముడు దగ్గరికి వచ్చే గ్లాసులు తగ్గాయి. మూడో బంతి కూర్చునే సరికి కాగులో నీళ్లు మరుగుతున్నాయి గానీ, ముంచడానికి గ్లాసులు లేవు.

లోపలికి పరిగెత్తి చూస్తే విషయం అర్థమైంది. జనం గ్లాసులు తిప్పి పేర్లు చదువుకుంటున్నారు. "ఇది సుంకమ్మ వాళ్లది! ఓ సుంకమ్మా, నీ గ్లాసు నా తావ ఉండాది." "నాది నీ తావ లేదా? చూడు!" పంక్తుల మీదుగా గ్లాసులు చేతులు మారుతున్నాయి. ఎవరిది వాళ్లకు దొరకగానే తుడిచి సంచిలో పెట్టుకుంటున్నారు. నరసక్కను ఆపాను.

"ఏంది సార్, నా గ్లాసు. నా పేరుండాది. నా ఇంటికి గాక యాడికి పోతాది?" అంది.

దొంగతనమైతే పట్టుకోవచ్చు, ఎవరి గ్లాసు వాళ్లు తీసుకుంటే ఎలా ఆపాలి? మూడో బంతిలో ఎవరో "నీళ్లు" అని కేకేశారు. వెంకటప్ప అప్పటికే గోదాములోంచి ప్లాస్టిక్ గ్లాసుల పెట్టె తెప్పించి, తాడు కోయడానికి కత్తి అడుగుతున్నాడు. నాకు ధర్మవరంలో అద్దె ఇల్లు కళ్ల ముందు కనబడింది.

ఉలిగమ్మ సుధను చంకనేసుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమె గొంతు ముందు మేళం వాళ్ల డోలు ఆగిపోయింది.

"ఓయమ్మా నరసక్కా! గ్లాసు మీద పేరు ఏంటికి కొట్టించుకున్యావు?"

"నాదని తెలియడానికి."

"ఎవురికి తెలియల్ల? మీ ఇంట్లో ఉండేది నువ్వూ మీ ఆయనే గదా! మీ పేర్లు మీకు తెలవవా? అటక మీద ఎలకలకు చదువొచ్చునా?"

పంక్తుల్లో నవ్వులు లేచాయి.

"ఈడ పెట్టిపోండి. ఈ ఊర్లో ఎవురికి పెండ్లి అయినా, నీళ్లు తాగేవాళ్లంతా మీ పేరు చదవల్ల. ఎవురి గ్లాసు లేకుంటే వాళ్లు ఇయ్యలేదని అందరికీ తెలుస్తాది!"

ఆ చివరి మాటే పని చేసింది. ముందుగా ఓబన్న వియ్యపురాలు తన సంచిలోంచి గ్లాసు తీసింది. ఆమె హిందూపురం నుంచి వచ్చిన మనిషి. గ్లాసుల్లో ఒకదాని మీద మా ఊళ్లోనే ఉండే తన చెల్లెలి పేరు చూసి అది మూటగట్టుకుందట. నరసక్క తన గ్లాసు నా చేతిలో పెట్టింది. పెట్టి, ఇంటికి మనిషిని పంపి ఇంకా కొన్ని తెప్పించింది. సుంకమ్మ వాళ్ల కంటే తనవి తక్కువ పడ్డాయట. మూడో బంతికీ, ఆ తర్వాతి వాటికీ గ్లాసులు సరిపోయాయి.

వెంకటప్పకు కత్తి దొరికింది గానీ, తాడు కోయలేదు. "ఈ పెట్టె ఏం చేయల్ల?" అన్నాడు దిగులుగా.

"కొన్న తావే ఇచ్చిరా" అంది ఉలిగమ్మ.

మర్నాడు గుంతలో విస్తరాకులే ఉన్నాయి. వాటిని కాల్చలేదు, ఎరువుకని ఎవరో బండిలో తీసుకెళ్లారు. సుధ పిల్లికూతలు పూర్తిగా పోయాయని చెప్పను. చలికాలంలో వచ్చేవి. పెళ్లి మర్నాడు మాత్రం రాలేదు. అది నేను చెవి ఆనించే తేల్చుకున్నాను. తర్వాత కొన్నేళ్లకు నీళ్ల ప్యాకెట్లు వచ్చాయి. ఉలిగమ్మ మళ్లీ వెంకటప్ప మెట్లు ఎక్కింది. ఆ గొడవ ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ పెళ్లయిన వారానికి ఆమె మా గడపలో కూర్చుని, "మీ గ్లాసు యాడ సార్? అందరివీ ఉండాయి, మీది లేదు" అంది. పవిత్ర నవ్వి, సుధ నామకరణానికి వచ్చిన గ్లాసు తెచ్చింది. దాని మీద 'సుధ' అని కొట్టించి ఉంది. ఉలిగమ్మకు చదువు రాదు. ఆ అక్షరాలు వేలితో తడిమి, ఇదేనా అని అడిగి, కొంగుకు తుడిచి చంకలో పెట్టుకుంది.

"ఇంగ యాడికి పోతారులే! పాప పేరు మండపంలో ఉండాదాయె" అని వీధి చివరి దాకా వినబడేట్టు చెప్పి వెళ్లింది.

ధర్మవరం ఇంటాయనకు రావడం లేదని కబురు చేశాను.