వెలగని తెర మీద పేపరు

దెయ్యాలూ గాలీధూళీ అంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళుమంట. ద్వారకా నగర్‌లో కంప్యూటర్లు రిపేరు చేసేదాన్ని. ఏదైనా పాడైందంటే కారణం ఉంటుంది, విప్పితే దొరుకుతుంది అనే రకం. అందుకే ఇది చెప్పడానికి ఇన్నేళ్ళు మొహమాటపడ్డాను.

మా నాన్న స్టీల్‌ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. కూర్మన్నపాలెంలో మా వీధి చివరి టీకొట్టు దగ్గర రోజూ పొద్దున్నే పేపరు పైకి చదివేది ఆయనే. పాత స్నేహితులు చుట్టూ కూర్చుని వినేవాళ్ళు. షుగరు వల్ల చూపు తగ్గాక అటు వెళ్ళడం మానేశాడు. గోడవైపు తిరిగి పడుకునేవాడు, అన్నం కూడా సరిగ్గా తినేవాడు కాదు. కళ్ళద్దాలు, భూతద్దం ఏవీ పనికిరాలేదు. నాకు పంతం పట్టుకుంది. మూరెడు అక్షరాలు వేసైనా సరే, చదివించి తీరాలనుకున్నాను.

అప్పట్లో అంత పెద్ద తెరలు మామూలు ఇళ్ళలో ఉండేవి కావు. మూసేసిన ఒక కోచింగ్ సెంటర్ నుంచి ఆరు పాత మానిటర్లు తెచ్చాను. ఇనుప ఫ్రేములో మూడేసి చొప్పున రెండు వరసలు పేర్చి, అన్నీ కలిసి ఒకే తెరలా పనిచేసేటట్టు కంప్యూటర్‌కు తగిలించాను. పై వరసలో మధ్యది చచ్చింది. తీసేద్దామంటే అమ్మ వినలేదు. కొత్తగా మొదలుపెట్టే పనిలో ఖాళీ గూడు ఉండకూడదట. విశ్వకర్మ పూజ రోజున దానికీ బొట్టు పెట్టింది. అందులో ఒక తెర చచ్చిందని నాన్నకు చెప్పలేదు.

మర్నాడు పేపర్లోని తుఫాను హెడ్డింగు ఒకటి పై వరసలో తెరకొక మాట చొప్పున వేశాను: సముద్రంలో వేటకు వెళ్ళొద్దు. మొదటి మాట మసక అన్నాడు. మూడోదీ అంతే. మధ్యలో, చచ్చిన తెర మీద పడిన ‘వేటకు’ అని మాత్రం తడుముకోకుండా చదివేశాడు.

తుఫాను సంగతి రేడియోలో విని ఉంటాడనుకున్నాను. చిరాకేసింది కూడా. పేపరు పక్కన పడేసి, నా సొంత మాటలు ఆ చచ్చిన తెరకే పంపాను. కంప్యూటర్ లెక్కలో అక్షరాలు అక్కడున్నాయి, నా కంటికి ఉత్త నల్లటి అద్దమే. నేను రాసింది ఒక్కటే: నాన్నా, తిన్నావా?

ఆయన కాసేపు చూసి నావైపు తిరిగాడు.

"నేదమ్మా. నువ్వు తిన్నావేటి?"

నాకు ఏడుపొచ్చింది. ఆ సాయంత్రమే ఆ మానిటర్ విప్పాను. లోపల పిక్చర్ ట్యూబు మెడ దగ్గర పగిలి ఉంది. అది వెలిగే ప్రశ్నే లేదు. నాన్నను కళ్ళ డాక్టరుకు చూపిస్తే చూపు ఇంకా తగ్గిందన్నాడు.

కారణం దొరక్కపోతే పోయింది, మా నాన్న చదువుతున్నాడు కదా! మళ్ళీ బిగించి, రోజూ పేపరంతా ఆ ఒక్క తెరకే పంపాను. టీకొట్టు జనం మా వరండాకి మకాం మార్చారు. వాళ్ళకి తెర వెనకవైపే కనిపించేలా కుర్చీలు వేశాను. ఒకాయన ఉండబట్టలేక అడిగాడు.

"బాగా సదివేత్తన్నావు బావా, కళ్ళు బాగైపోనాయేటి?"

నాన్న మురిసిపోయి ఇంకా గట్టిగా చదివాడు.

ఇదెలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తెర వెలగదని మాత్రం ఆయన పోయేదాకా ఒక్కసారి కూడా చెప్పలేదు. తెలిస్తే చదవడం ఆగిపోతుందేమోనని భయం.