వరుసలో బసవయ్య పేరు

రాజమల్లు బొటనవేలికీ చూపుడువేలికీ ఏడాది పొడుగునా పసుపు రంగు వదిలేది కాదు. ఖిలా వరంగల్ మట్టికోట లోపల గొర్రెలు కాసే కురుమల ఇండ్ల నడుమ పుట్టి, పదమూడో ఏట తండ్రి వెంట ఒగ్గు పట్టాడు. యాభై దాటేనాటికి చుట్టుపక్కల ఇరవై ఊళ్లలో మల్లన్న పెండ్లి ఆయన చేతుల మీదుగానే జరిగేది. ఒగ్గు అంటే శివుని చేతి ఢమరుకం. దాన్ని పట్టినవాడు కురుమలకు పూజారి, కథ చెప్పేవాడు కూడా. ఈ రెండు పనులనూ వేరు చేసి చూడటం రాజమల్లుకు ఎన్నడూ తెలియదు. గొంతు కథకు, వేళ్లు పట్నానికి అని ఆయన తండ్రి నేర్పాడు.

పట్నమంటే దేవుని పెండ్లికి నేలమీద వేసే పెద్ద ముగ్గు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఎండిన ఆకుల పొడి, ఊక కాల్చిన బొగ్గు పొడి, ఈ అయిదు రంగులతో రాజమల్లు మూడు గంటలు వంచిన నడుము ఎత్తకుండా గీసేవాడు. పెండ్లి కాగానే శివమెత్తినవాళ్లు ఆ పట్నాన్ని పావుగంటలో తొక్కి చెరిపేసేవారు. అందుకు ఆయన ఒక్కనాడూ బాధపడలేదు. తొక్కకపోతే పెండ్లి కానట్టే లెక్క. గర్భగుడి వైపున మాత్రం మూరెడు వెడల్పు జాగాను రంగు పడకుండా వదిలేవాడు. ఎవరైనా అడిగితే దీపం వచ్చే తొవ్వ అనేవాడు.

ఆ దీపం తెచ్చేది జంగమయ్య. కోట తూర్పు గుమ్మం దగ్గరున్న చిన్న మల్లన్న గుడిలో గర్భగుడి పూజ జంగాల ఇంటివారిది, మంటపంలో పట్నం ఒగ్గువారిది. ఎవరూ రాసుకోని ఈ ఏర్పాటు మీద తరాలు గడిచిపోయాయి. 1979లో గుడి దేవాదాయ శాఖ కిందికి వచ్చేసరికి రాత అవసరమైంది. గుడికి ఒక్క పూజారి పేరే నమోదు చేస్తారని, రెండోవాడికి లోపల పని ఉండదని మాట పుట్టింది. మట్టెవాడ వ్యాపారులు కొందరు మంటపానికి కొత్త బండలు పరిపించారు. వాటిమీద రంగులు పడితే వదలవని, పట్నాన్ని ప్రహరీ బయట వేసుకోవచ్చని వారి అభిప్రాయం. అప్పుడు పూజ చేస్తున్న జంగం మల్లికార్జున్ దరఖాస్తు పెట్టాడు. గుడి తమ ముత్తాత తాత బసవయ్య నాటినుంచీ తమదేననీ, ఒగ్గువాళ్లు తన తాత కాలంలోనే వచ్చారనీ అందులో రాశాడు.

రాజమల్లుకు జీతం మీద ఆశ లేదు. తండ్రి, తాత వేసిన చోట, దేవుని ఎదుట పట్నం వేయనిస్తే చాలు. ప్రహరీ బయట వేసిన పట్నానికి దీపం రాదు. దీపం రాని పట్నం ఆయన దృష్టిలో వాకిట్లో ముగ్గుతో సమానం.

శాఖ నుంచి రాజేశ్వర్ రావు అనే ఇన్‌స్పెక్టరు విచారణకు వస్తున్నాడని తెలిసిన నాడు కులపెద్దలు రాజమల్లు ఇంట్లో కూడారు. కాగితం ఏదీ లేదు. ఉన్నది వరుస ఒక్కటే. దీపం మంటపంలోకి వచ్చే వేళ ఒగ్గు పూజారి ఎత్తుకునే వంశావళి పాట అది. మంద మేపే బీరయ్యకు మల్లన్న రాయి దొరకడం మొదలు రాజమల్లు తండ్రి దాకా ఏడు తరాల పేర్లు అందులో వస్తాయి. అయితే మూడో తరంలో ఒక చిక్కు ఉంది. కరువు వచ్చి ఒగ్గువాళ్లు మందలు తోలుకొని గోదావరి దాటిపోతే, బసవయ్య అనే జంగం మూడేండ్లు ఒంటరిగా దీపం నిలిపాడని, తిరిగివచ్చిన ఒగ్గువారు ఆయన కాళ్లకు మొక్కి గర్భగుడి ఆయనకే అప్పగించారని ఆ చరణం చెబుతుంది.

డోలు కొట్టే ఉప్పలయ్య రాజమల్లుకు బామ్మర్ది. ఆ చరణం తీసేయమన్నది అతడే.

"ఆ ఒక్క ముక్క ఇడిసిపెట్టు బావా. రాయి మనకు దొరికింది, పూజ మనదే అన్నట్టయితది. సారుకేం ఎరుక?"

పెద్దలంతా తలలూపారు. తెల్లవారి రాజమల్లు రుమాలు చుట్టుకుంటున్నప్పుడు భార్య మొగిలమ్మ మాత్రం ఒక మాట అన్నది.

"తీస్తే తియ్యి గని, నువ్వు ఊపిరి తీసుకునేది ఆ ముక్క కాడనే. ఇగ యాడ తీసుకుంటవో జర చూస్కో."

ఆదివారం పొద్దున మంటపంలో ఇన్‌స్పెక్టరు కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. మితభాషి. మల్లికార్జున్ ఇచ్చిన నిజాం కాలపు ఉర్దూ కాగితాన్ని తానే చదువుకొని, పూజారిగా మల్లికార్జున్ తాత పేరు ఉన్నట్టు రాసుకున్నాడు. తరువాత రాజమల్లును ఆధారమేమని అడిగాడు.

"కాయితం లేదు సారు. వరుస ఉన్నది, పాడుత."

పాడమన్నాడు. ఉప్పలయ్య డోలు అందుకున్నాడు. బీరయ్య పేరు వచ్చింది, అతని కొడుకు పేరు వచ్చింది, కరువు వచ్చింది. ఇక్కడే దాటిపోవాలని రాజమల్లు ఆ నిమిషానికి నిశ్చయించుకున్నాడు. కానీ ముప్పై ఏండ్లుగా కరువు తరువాత దెబ్బ నెమ్మదించే అలవాటున్న ఉప్పలయ్య చేతులు, తీసేయమన్నది తానేనన్న సంగతి మరిచి, నెమ్మదించాయి. ఆ దెబ్బ వినగానే గోడవార కూర్చున్న మల్లికార్జున్ లేచి నిలబడి చేతులు జోడించాడు. ఏటేటా దీపం పట్నంలో పెట్టి కూర్చున్నాక, ఆ చోట అతడు లేచేవాడు. అంతకుముందు అతని తండ్రి లేచేవాడు. తమ పెద్ద పేరు వింటూ జంగమయ్య కూర్చోకూడదు. ఈ వేళ తాను ఎదుటి పక్షమన్న ఆలోచన అతనికి రాలేదు. కండ్లు మూసుకొని ఎదురుచూస్తున్నాడు.

రాజమల్లు అతణ్ణి చూశాడు. అతణ్ణి అట్లా నిలబెట్టి ముందుకు పోవడం ఆయనకు చేతకాలేదు. ఎప్పుడూ తీసుకునే చోటే ఊపిరి తీసుకున్నాడు.

"మంద పోయె, మనిషి పోయె, మాట ఒక్కటె నిలిచె,
బసవయ్య గోరంత దీపాన మల్లన్న కన్ను తెరిచె."

చరణమంతా పాడాడు, కాళ్లకు మొక్కిన మాటతో సహా. ఉప్పలయ్య తల వంచుకొని వాయించాడు. పాట ఏడో తరానికి వచ్చి ఆగింది.

ఇన్‌స్పెక్టరు కొంతసేపు తన కాగితాలు తిరగేశాడు. పిదప మల్లికార్జున్‌ను అడిగాడు.

"దరఖాస్తులో బసవయ్య పేరు రాశారు. మీ కాగితంలో ఆ పేరు లేదు. మీకెట్లా తెలిసింది?"

మల్లికార్జున్ అబద్ధమాడే మనిషి కాడు, ఈ ప్రశ్న తనకు తాను ఎన్నడూ వేసుకోలేదు, అంతే.

"వీళ్ల పాటలనే విన్న సారు. చిన్నప్పటి సంది."

"మీ తాత పేరు ఈ కాగితంలో ఉంది. అంతకు ముందటి వాళ్ల పేర్లో?"

"అన్నీ గా పాటలయే."

రెండు నెలలకు ఉత్తర్వు వచ్చింది. తనకు నష్టం చేసే మాటను దాచనివాడు, లాభం చేసే మాటను కల్పించాడనడానికి ఆధారం లేదని ఇన్‌స్పెక్టరు నివేదించాడు. దరఖాస్తుదారు తన వంశాన్ని నిరూపించుకోవడానికి కూడా ఒగ్గువారి పాట మీదే ఆధారపడ్డాడు గనుక, ఒగ్గువారు అతని తాత కాలంలో వచ్చారన్న వాదం నిలవదని తేల్చాడు. అర్చకుడిగా మల్లికార్జున్ పేరు నమోదైంది. మంటపంలో పట్నం వేసే హక్కు రాజమల్లు వంశానిదని, దానికెవరూ అడ్డు చెప్పరాదని అదే కాగితంలో ఉంది.

ఉప్పలయ్య కోపం వారం రోజులు తగ్గలేదు.

"గుడి ఇచ్చి గచ్చు తెచ్చుకున్నవు బావా," అని పదిమందిలో ఎత్తిపొడిచాడు.

"నేను అడిగింది గచ్చే గదరా," అన్నాడు రాజమల్లు.

మరుసటి ఏడు మాఘమాసపు ఆదివారం ఆయన కొత్త బండలమీద పట్నం వేశాడు. నున్నటి రాతిమీద పొడి నిలవదని రెండు రోజుల ముందే ఎర్రమట్టి అలికించాడు. మూరెడు తొవ్వ ఎప్పటిలాగే వదిలాడు. మల్లికార్జున్ గర్భగుడి గడప దాటి, రెండు చేతులా దీపం పట్టుకొని, కొత్త అలుకుమీద గీత చెదరకుండా, ఎప్పటికన్నా నెమ్మదిగా అడుగులో అడుగు వేసుకుంటూ వస్తున్నాడు. వరుస కరువు దాకా వచ్చింది. డోలు నెమ్మదించింది. మల్లికార్జున్ చేతుల్లో దీపముంది, జోడించడానికి లేదు. పట్నం నడుమకు ఇంకా రెండు అడుగుల దూరంలో ఉన్నాడు.

రాజమల్లు పాట ఆపాడు. దీపం నేలకు ఆని, మల్లికార్జున్ నిటారుగా నిలిచి చేతులు జోడించేదాకా ఉప్పలయ్యను అదే దెబ్బమీద ఉంచాడు. అప్పుడు ఊపిరి తీసుకొని బసవయ్య పేరు ఎత్తుకున్నాడు.